పళ్లు కడిగే నీళ్ల మిషను, ఆయాసం ఉన్న మనుషులు



ఈ వారం పాఠం పురుగుల గురించి కాదు, పురుగులు మేపే మనుషుల గురించి. బెంగళూరులోనో, హోసూరు కంపెనీల్లోనో పని చేసే పిల్లలు పండక్కి ఊరికొచ్చేటప్పుడు అమ్మానాన్నలకు తెచ్చే సామాన్లలో ఈమధ్య కొత్తది ఒకటి చేరింది. వాటర్ ఫ్లాసర్ అంటారు. చిన్న నీళ్ల ట్యాంకు, లోపల మోటారు, పైన సన్నని ముక్కు. బటన్ నొక్కితే నీళ్లు టకటకా ఆగి ఆగి సూదిలా కొడతాయి. పళ్ల సందుల్లో ఇరుక్కున్న మాంసం పీచు, అనపగింజల పొట్టు లాంటివి బయటికొచ్చేస్తాయి. 1962లో అమెరికాలోని కొలరాడోలో జెరాల్డ్ మోయర్ అనే పళ్ల డాక్టరు, జాన్ మాటింగ్లీ అనే ఇంజినీరు కలిసి దీన్ని తయారు చేశారు. మన దగ్గరికి ఇప్పుడిప్పుడే వస్తోంది. పిన్నీసుతో, అగ్గిపుల్లతో పళ్లు కుట్టుకోవడం కంటే నూరు పాళ్లు మేలు.

అయితే మన రైతుల ఇళ్లలో ఆయాసం మనుషులు ఎక్కువ. ఒకరికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం, ఇంకొకరికి బీడీ తాగీ తాగీ వచ్చిన సీఓపీడీ. కట్టెల పొయ్యి పొగ ముందు ముప్పై ఏళ్లు కూర్చున్న అవ్వలకూ అదే జబ్బు. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గిపోయినా, ఊపిరితిత్తుల్లో గొట్టాలు వెడల్పయి కఫం నిలిచిపోయేవాళ్లున్నారు. డాక్టర్లు దాన్ని బ్రాంకియెక్టాసిస్ అంటారు. దీనికి తోడు మన పనిలో సున్నం దుమ్ము, బ్లీచింగ్ ఘాటు, పురుగుల పిట్టల దుమ్ము, గూళ్ల మార్కెట్లో ఎగిరే నూగు, చిమ్మెటల రెక్కల పొడి ఉండనే ఉన్నాయి. ఇలాంటివాళ్లు ఈ మిషను వాడొచ్చా అన్నదే ఈ వారం ప్రశ్న. చాలామంది వాడొచ్చు. కానీ దీని నీళ్లను తాగే నీళ్లుగా కాకుండా, పీల్చే నీళ్లుగా చూడాలి. ఆ తేడా పట్టుకుంటే మిగిలిందంతా సులువు.

అసలు ఆయాసం ఉన్నవాళ్లకు నోటి మీద అంత శ్రద్ధ ఎందుకో ముందు చెప్పుకుందాం. నోటికీ ఊపిరితిత్తులకూ మధ్య తలుపు లేదు. నిద్రలో మనకు తెలియకుండానే కొంచెం ఎంగిలి ఊపిరి గొట్టంలోకి జారుతుంది. గట్టి మనిషి అయితే దగ్గుతో, లోపలి నూగుతో దాన్ని బయటికి నెట్టేస్తాడు. జబ్బు పడిన ఊపిరితిత్తులకు ఆ శక్తి తక్కువ. చిగుళ్ల కింద పాచి, చీము ఉంటే ఆ క్రిములే లోపలికి దిగుతాయి. జపాన్‌లో 11 వృద్ధాశ్రమాల్లో రెండేళ్ల పాటు కొందరు ముసలివాళ్లకు రోజూ నోరు శుభ్రం చేసి చూశారు. 1999లో ఆ ఫలితం లాన్సెట్ పత్రికలో వచ్చింది. నోరు శుభ్రం చేయనివాళ్లలో నూటికి 19 మందికి న్యుమోనియా వస్తే, చేసినవాళ్లలో నూటికి 11 మందికే వచ్చింది. అక్కడ వాడింది మామూలు బ్రష్షే. ఖరీదైన మిషను ఏమీ కాదు.

మన పంపులు, అంటే ఇన్‌హేలర్లు, నోటిని ఇంకొంచెం పాడు చేస్తాయి. కొన్నిటివల్ల నోరు ఎండిపోతుంది. స్టెరాయిడ్ ఉన్న పంపు పీల్చి నోరు పుక్కిలించకపోతే నాలుక మీద, అంగిట్లో పెరుగు పూసినట్టు తెల్లగా బూజు పడుతుంది. దానికి మేము చెప్పే ఉపాయం ఒక్కటే. పొద్దున, రాత్రి పళ్లు తోముకునే ముందే పంపు పీల్చండి. తోమేటప్పుడు ఎలాగూ పుక్కిలించి ఉమ్మేస్తారు కాబట్టి మరిచిపోయే పని ఉండదు. బూజు పడ్డాక మాత్రం నీళ్ల మిషనుతో కొడితే పోదు, దానికి వేరే మందు ఉంది.

ఇక నీళ్ల సంగతి. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి.

గ్లాసు నీళ్లు తాగితే అవి కడుపులోకి పోతాయి. క్రిములన్నీ కడుపులోని ఆమ్లానికి చచ్చిపోకపోయినా, అక్కడ వాటి ఆట సాగడం కష్టం. ఫ్లాసర్ అలా కాదు. పళ్లకు తగిలిన నీళ్లు చిట్లి కంటికి కనపడనంత సన్నని తుంపర అవుతాయి. నోరు తెరిచి ఊపిరి తీస్తే ఆ తుంపర నేరుగా లోపలికి పోతుంది. బోరు నీళ్లు సంపులోకి, సంపు నుంచి మిద్దె మీది సింటెక్స్ ట్యాంకుకి, అక్కడ ఎండకు వెచ్చబడి రెండు మూడు రోజులు నిలిచి, తర్వాత కొళాయికి వస్తాయి. ఆ దారి పొడవునా పైపుల లోపల జిగట పొర ఒకటి కట్టి ఉంటుంది. వేలు పెట్టి చూస్తే జారుతుంది చూడండి, అదే. ఆ పొరలో బతికే క్రిములు మూడు మనకు ముఖ్యం.

ఒకటి లెజియోనెల్లా. 20 నుంచి 45 డిగ్రీల వేడి నీళ్లలో పెరుగుతుంది. మన మిద్దె ట్యాంకు ఎండాకాలంలో ఉండేది సరిగ్గా ఆ వేడిలోనే. రెండోది సూడోమోనాస్. తడి ఉన్న చోటల్లా ఉంటుంది. కఫం నిలిచే ఊపిరితిత్తుల్లో ఒకసారి కాపురం పెడితే ఖాళీ చేయించడం కష్టం. మూడోది టీబీ క్రిమికి దాయాదుల గుంపు. మట్టిలో, నీళ్లలో ఉంటాయి. క్లోరిన్ కలిపినా అంత తేలిగ్గా చావవు. సామాన్యంగా ఒక మనిషి నుంచి ఇంకొక మనిషికి అంటవు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఏమీ చేయవు. బ్రాంకియెక్టాసిస్, సీఓపీడీ ఉన్నవాళ్లలో దిగితే మాత్రం మూడు నాలుగు రకాల మందులు ఏడాది పైన మింగాలి.

పళ్ల దగ్గరి నీళ్లతో ఊపిరితిత్తులకు ఇంత కీడు నిజంగా జరుగుతుందా అంటే, జరిగింది. 2011లో ఇటలీలో 82 ఏళ్ల పెద్దావిడ ఒకరు లెజియోనెల్లా న్యుమోనియాతో చనిపోయారు. ఆమె జబ్బు పడకముందు వెళ్లింది పళ్ల డాక్టరు దగ్గరికి. అక్కడి కుర్చీకి ఉన్న నీళ్ల పైపులో అదే రకం క్రిమి దొరికింది. అది ఆస్పత్రి మిషను, మనది ఇంటి మిషను. కానీ సన్నని గొట్టం, అందులో నిలిచిన నీళ్లు, వాటిని తుంపరగా కొట్టే మోటారు రెండిటిలోనూ ఒకటే.

అందుకని ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు ఫ్లాసర్‌లో కొళాయి నీళ్లు పోయకూడదు. నీళ్లు గలగలా మరిగాక ఇంకా 10 నిమిషాలు మరగనివ్వాలి. మామూలు క్రిములకు ఒక నిమిషం మరిగితే చాలు. ఈ దాయాదుల గుంపు మొండివి కాబట్టి పది. మరిగిన గిన్నె మీదే మూత పెట్టి చల్లారనిచ్చి, గోరువెచ్చగా ఉన్నప్పుడు నేరుగా ట్యాంకులో వంచుకోవాలి. చెంబు ముంచకూడదు, చెయ్యి పెట్టకూడదు. ఆ రోజు మరిగించినవి ఆ రోజుకే, మిగిలితే చెట్టుకు పోసేయండి. సలసల కాగే నీళ్లు మాత్రం మిషనులో పోయొద్దు, లోపలి ప్లాస్టిక్ వంకర పోతుంది, నోరూ కాలుతుంది.

ఇక్కడ కొందరు తెలివిగా ఆలోచిస్తారు. ఇంట్లో ఆర్వో ఉంది కదా, 20 లీటర్ల క్యాన్ వస్తుంది కదా, ఇన్వర్టర్‌కు పోసే బ్యాటరీ నీళ్లు ఇంకా స్వచ్ఛం కదా అని. ఆర్వో మిషనుకూ లోపల ఒక ట్యాంకు, గొట్టాలు ఉన్నాయి, జిగట అక్కడా కడుతుంది. క్యాను ఎన్నిసార్లు తిరిగి నింపారో, లోపల ఎలా కడిగారో ఎవరు చూశారు? వాటినీ మరిగించాల్సిందే. బ్యాటరీ నీళ్లలో ఉప్పులు తీసేసి ఉంటారు, క్రిములు తీసేసి అమ్మరు. అవి నోట్లో వాడడానికి చేసినవే కావు, వాటి జోలికి పోవద్దు. అయితే ఆర్వో నీళ్లు మరిగించి వాడడంలో ఒక లాభం ఉంది. కోలారు, చిక్కబళ్లాపురం వైపు బోరు నీళ్లు గట్టి నీళ్లు, మరిగిస్తే గిన్నె అడుగున తెల్లగా గార కడుతుంది. ఆ గారే మిషను ముక్కులో అడ్డం పడుతుంది. ఆర్వో నీళ్లకు ఆ బాధ తక్కువ. ఇంకో మాట, మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. పుక్కిలించి ఉమ్మడానికి అది లెక్కలోకి రాదు గానీ, తాగే నీళ్ల విషయంలో మరిగించాం కదా అని ధీమా పడొద్దు.

నీళ్లు ఎంత మంచివైనా మిషను తడిగా వదిలేస్తే పని చెడుతుంది. ఇది మనవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. పురుగులు జ్వరంలో పడుకున్నప్పుడు పడక తడిగా ఉంటే ఏమవుతుందో అందరం చూశాం. అందుకే కదా సున్నం చల్లి ఆరబెడతాం, కిటికీలు తీస్తాం. వానాకాలంలో తేమ నిలిస్తే సున్నపుకట్టు ఎలా అంటుకుంటుందో తెలుసు. ఫ్లాసర్ ట్యాంకు కూడా అంతే. వాడిన ప్రతిసారీ మిగిలిన నీళ్లు పారబోసి, ఖాళీ మిషనును రెండు మూడు సెకన్లు ఆడించి గొట్టంలోని నీళ్లు బయటికి పంపేయాలి. ట్యాంకు ఊడదీసి, బోర్లించి, మూత తీసి గాలికి పెట్టాలి. ముక్కును కూడా తీసి పక్కన ఆరబెట్టాలి. బచ్చలింట్లో వద్దు, అక్కడ ఎప్పుడూ తేమే. పురుగుల షెడ్డు గోడ మీదా వద్దు, దుమ్ము. వంటింటి కిటికీ దగ్గర పెట్టుకోండి. మళ్లీ వాడే ముందు కొంచెం నీళ్లు సింకులోకి కొట్టి వదిలేసి, అప్పుడే నోట్లో పెట్టుకోవాలి. నాలుగు రోజులు ఊరికి పోయి వచ్చాక అయితే ఒక ట్యాంకు మరిగిన నీళ్లు మొత్తం అలా వదిలేయాలి. ముక్కును మూడు నెలలకొకసారి మార్చాలి. ఆయాసం ఉన్న మనిషి మిషను ఆ మనిషికే ఉండాలి, ఇంటిల్లిపాదీ వాడొద్దు.

ఇప్పుడు మేము ఎక్కువ భయపడే విషయం. మన ఇంట్లో మందులు ఎక్కువ. బ్లీచింగ్ పౌడర్, క్లోరిన్ డయాక్సైడ్, కొందరి దగ్గర ఇంకా ఫార్మలిన్ డబ్బాలు. షెడ్డు కడిగినట్టే మిషనునూ కడిగేద్దాం, చిటికెడు బ్లీచింగ్ వేస్తే క్రిములన్నీ చస్తాయి అని అనిపించడం సహజం. చేయకండి. గొట్టంలో మిగిలిన చుక్క తర్వాతి రోజు తుంపరై ఊపిరిలోకి పోతే, ఉబ్బసం ఉన్న మనిషికి గొట్టాలు అక్కడికక్కడే బిగుసుకుపోతాయి. ఫార్మలిన్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

దీనికంటే ప్రమాదం ఇంకొకటి ఉంది. ముక్కులో గార కడితే తీయడానికి కంపెనీవాళ్లే తెల్ల వెనిగర్ వాడమంటారు. ట్యాంకెడు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాలు వేసి, సగం ఆడించి, ఇరవై నిమిషాలు అలాగే ఉంచి, మిగిలిందీ ఆడించి, తర్వాత మరిగిన నీళ్లతో రెండు ట్యాంకులు కడిగేయాలి. నెలా రెండు నెలలకు ఒకసారి చాలు. ఇది మంచిదే. కానీ వెనిగర్, నిమ్మరసం లాంటి పులుపు ఏదైనా బ్లీచింగ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బచ్చలింట్లో అది ఆరోగ్యవంతుడినే పడేస్తుంది, ఆయాసం మనిషి సంగతి వేరే చెప్పాలా? అందుకని బ్లీచింగ్ కలిపిన బకెట్లో మిషను భాగాలు కడగొద్దు. బ్లీచింగ్ నీళ్లు పారబోసిన తూములో వెనిగర్ వంచొద్దు. షెడ్డు మందు కొట్టిన రోజు ఈ పని పెట్టుకోవద్దు. వెనిగర్ పని ఇంట్లో వేరేవాళ్లు, కిటికీ తీసి చేస్తే మంచిది, ఆ వాసనకే కొందరికి దగ్గు తెర వస్తుంది. అసలు ఆయాసం మనిషి షెడ్డుకు మందు కొట్టే పనే చేయకూడదు, ఇది ఎన్నిసార్లు చెప్పినా వినేవాళ్లు తక్కువ.

ట్యాంకులో నూనెలు కూడా వద్దు. ఆయిల్ పుల్లింగ్ మంచిదని కొబ్బరి నూనెనో, నువ్వుల నూనెనో, పంటి నొప్పికి లవంగ నూనెనో రెండు చుక్కలు వేయాలనిపిస్తుంది. నూనె తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతే కఫంలా దగ్గినా రాదు. అక్కడే ఉండి ఒక రకం న్యుమోనియాకు దారి తీస్తుంది. ఉప్పు మోటారును తినేస్తుంది. మరిగి చల్లారిన ఉత్త నీళ్లు, అంతే.

వాడే పద్ధతి చూద్దాం. నిలబడి వద్దు, సింకు ముందు స్టూల్ వేసుకుని కూర్చోండి. ముంజేతులు అంచు మీద ఆనించి ముందుకు వంగండి, గడ్డం ఛాతీ వైపు ఉండాలి. తల వెనక్కి వాల్చారా, నీళ్లు గొంతులోకి దిగి పొలమారుతుంది. ముక్కును నోట్లో పెట్టుకుని, పెదాలు సగం మూశాకే బటన్ నొక్కాలి. ముందే నొక్కితే తుంపరంతా మొహం మీదికి వస్తుంది. ఊపిరి ముక్కుతోనే తీయాలి, నీళ్లు వాటంతటవే పెదాల సందులోంచి సింకులోకి కారనివ్వాలి. మొదటి రెండు వారాలు అన్నిటికంటే తక్కువ వేగంలోనే వాడండి. ఎక్కువ వేగం పెడితే ఎక్కువ శుభ్రం అనుకోవద్దు, ఎక్కువ తుంపర మాత్రం ఖాయం.

పది సెకన్లు కొట్టి ఆపండి. ఈల వేసినట్టు పెదాలు ముడిచి నెమ్మదిగా ఊపిరి వదలండి. సర్దుకున్నాక మళ్లీ మొదలుపెట్టండి. ఈరోజు పై పళ్లు, రేపు కింది పళ్లు చేసినా నష్టం లేదు. ఆయాసం తగ్గించే పంపు వాడేవాళ్లు అది పీల్చిన పావుగంట తర్వాత చేసుకుంటే హాయిగా ఉంటుంది. తిన్న వెంటనే వద్దు, కడుపు నిండుగా ఉన్నప్పుడు వంగితే ఊపిరాడదు. వేడి నీళ్ల ఆవిరి నిండిన బచ్చలింట్లో తలుపేసుకుని అసలే వద్దు. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకునేవాళ్లు ముక్కు గొట్టం తీయకుండానే చేసుకోవచ్చు. కాన్సన్ట్రేటర్‌నూ దాని ప్లగ్గునూ నీళ్లకు దూరంగా ఉంచాలి. దానికి తగిలించే నీళ్ల సీసాకూ ఇదే నియమం, మరిగి చల్లారిన నీళ్లు, రోజూ మార్చడం, కడిగి ఆరబెట్టడం.

జలుబుతో ముక్కు దిబ్బడేసిన రోజు మిషను ముట్టుకోవద్దు, ఎందుకంటే నోటితోనే ఊపిరి తీస్తారు. ఆయాసం ఎక్కువైన రోజులూ అంతే, బ్రష్షు చాలు. పక్షవాతం వచ్చినవాళ్లు, నీళ్లు తాగితేనే పొలమారేవాళ్లు ఇది అసలు వాడకూడదు. రక్తం పలచబడే మాత్రలు మింగేవాళ్లు, గుండె కవాటం మార్చుకున్నవాళ్లు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. చిగుళ్లు వాచి ఉన్నవాళ్లకు మొదటి వారం కొంచెం రక్తం కనపడవచ్చు. రెండు వారాలకూ ఆగకపోతే పళ్ల డాక్టరు చూడాలి.

మిషను లేనివాళ్లు కొనాల్సిన పని లేదు. దారం, పళ్ల సందుల్లో పోయే సన్నని చిన్న బ్రష్షులు మందుల షాపుల్లో దొరుకుతాయి. వాటితో తుంపర గొడవే లేదు. బ్రాంకియెక్టాసిస్ ఉన్నవాళ్లకు మేము ముందు చెప్పేది అవే. చేతి వేళ్లు వణికి దారం పట్టుకోలేనివాళ్లకు, పళ్లకు బ్రిడ్జి, క్యాపులు ఉన్నవాళ్లకు మిషను నిజంగా సుఖం. నీళ్లు రోజూ మరిగించే ఓపిక ఇంట్లో ఎవరికో ఒకరికి ఉండాలి, అంతే. ఐదో దశ మేత నడిచే ఎనిమిది రోజులు ఆ ఓపిక ఎవరికీ ఉండదని మాకూ తెలుసు. ఆ రోజుల్లో మిషను ఆరబెట్టి పక్కన పెట్టేసి బ్రష్షుతో సరిపెట్టుకోండి. కొళాయి నీళ్లతో మాత్రం నడిపించొద్దు.

చివరిగా డాక్టరు దగ్గర చెప్పాల్సిన మాట. దగ్గు రెండు వారాలు దాటినా, కఫం రంగు మారినా, సాయంత్రాలు జ్వరం వచ్చి ఒళ్లు తగ్గుతున్నా చూపించుకోండి. మేము నెబులైజర్ వాడతాం, నీళ్ల ఫ్లాసర్ వాడతాం అని మీరే ముందుగా చెప్పండి, వాళ్లు అడగరు. మామూలు కఫం పరీక్షలో టీబీ క్రిమీ, దాని దాయాదులూ ఒకేలా కనపడతాయి. రెండిటినీ విడదీయడానికి సీబీనాట్ లాంటి పరీక్ష, కఫం కల్చర్ ఉన్నాయి. టీబీ మందు నెలల తరబడి మింగుతున్నా గుణం కనపడకపోతే ఈ దాయాదుల పరీక్ష చేశారా అని అడగండి. కఫం డబ్బా పొద్దున్నే, నోరు కడగకముందు కాదు, మరిగి చల్లారిన నీళ్లతో పుక్కిలించాక ఇవ్వండి. కొళాయి నీళ్లతో పుక్కిలిస్తే ఆ నీళ్లలోని క్రిమే డబ్బాలోకి చేరి, లేని జబ్బు ఉన్నట్టు చూపించే వీలుంది.